చేత్తో చేసిన మట్టి పూసలు ఒకేలా రాకపోతే అమ్మొచ్చా?

టెర్రకోట పూసలు ఏ రెండూ ఒకేలా రావట్లేదు, అచ్చులు కొనాలా, ఇలాగే అమ్మితే జనం తీసుకుంటారా అని అడిగారు. నేను ఇంట్లో పూసలు, బుట్టకమ్మలు చేసి అమ్ముతుంటాను. అచ్చులు మాత్రం కొనకండి. అచ్చుపూసలు బజార్లో మనకంటే చవగ్గా దొరుకుతాయి, వాటితో పోటీ పడలేం.

అయితే కంటికి కనిపించే తేడా వేరు, వేసుకున్నాక ఇబ్బంది పెట్టే లోపం వేరు. మొదటిది ఉండనివ్వండి. రంగునే చూడండి. ఎర్రమట్టిలో ఇనుము ఉంటుంది. కాలేటప్పుడు గాలి బాగా తగిలితే పూస ఎర్రగా వస్తుంది, గాలి అందక పొగ పడితే నల్లబడుతుంది. ఊకలో కాలిస్తే ఒకే పూసకి ఒక పక్క ఎరుపు, ఇంకో పక్క నలుపు రావచ్చు. చాలామంది దానిమీద ఆక్రిలిక్ రంగు పూసేస్తారు. నాకైతే అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. నా దగ్గర కొనేవాళ్లు ముందు ఏరుకునేవి ఆ మసిమరకల పూసలే.

రెండో రకాన్ని మాత్రం వదలొద్దు. ముఖ్యంగా రంధ్రం. పచ్చి మట్టిలో పుల్ల గుచ్చితే అవతలి పక్క మట్టి లేచి, కాలాక గరుకంచు అవుతుంది. దారాన్ని కోసేది అదే. వేలితో నొక్కితే నొక్కు పడనంత గట్టిపడ్డాక చీపురుపుల్లతో గుచ్చండి. ఆరాక అంచుని గరుకు కాగితంతో రుద్దండి. మట్టి ఆరి కాలేసరికి పదోవంతు దాకా కుంచించుకుపోతుంది కాబట్టి రంధ్రం కాస్త పెద్దగానే పెట్టాలి.

పగుళ్లకి సాధారణంగా కారణం తొందరే. ఎండలో పెడితే పైపొర ముందే ఆరి బిగుసుకుంటుంది, లోపల తడి అలాగే ఉంటుంది. నీడలో ఆరబెట్టండి. తడి ఉండగానే మంటలో పెడితే ఆ నీరు ఆవిరై పూస పేలిపోతుంది.

ఇక కాల్పు. వంటింటి ఓవెన్ 250 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, మామూలు బంకమట్టికి అది చాలదు. సరిగ్గా కాలని పూస నీళ్లలో నానితే మళ్లీ బురదే. ప్రతి విడతలో ఒక పూసని రాత్రంతా గ్లాసు నీళ్లలో ఉంచి చూడండి. మెత్తబడితే ఆ విడత అమ్మొద్దు. లోపంలోనూ అందం చూడమనే జపాన్ వాళ్ల వాబీ సాబీ పేరు చెప్పి దీన్ని కూడా అందమనేవాళ్లున్నారు, నమ్మకండి.

కమ్మల జతకి ఆకారం కంటే బరువు చూడండి, తేడా చెవికి ఇట్టే తెలిసిపోతుంది. దండకైతే పెద్దవి మధ్యలో, చిన్నవి మెడ వైపు గుచ్చితే సైజు తేడా కావాలని పెట్టినట్టే ఉంటుంది. అమ్మేటప్పుడు శాంపిల్ ఫొటో కాకుండా, పంపబోయే దండనే పగటి వెలుతురులో ఫొటో తీసి పెట్టండి. "ఫొటోలో ఉన్నట్టు లేదు" అనే గొడవ చాలావరకు తప్పుతుంది.