వావిలాకు సారం: గుడ్డుసొన పరీక్ష చాలా, ఎలుకలు కావాలా?

వావిలాకు సారానికి వాపు తగ్గించే గుణం ఉందో లేదో బి.ఫార్మసీ ప్రాజెక్టులో చూడాలి, గుడ్డు తెల్లసొన పరీక్షతో సరిపెట్టవచ్చా, ఎలుకల మీద చేయక తప్పదా అని అడిగారు. నెల్లూరులో ఎం.ఫార్మసీ చదివే రోజుల్లో నేనూ ఈ ఆకే పట్టుకున్నాను. ఉదయగిరి వైపు మా అమ్మమ్మ ఊళ్లో బాలింతలకు వావిలాకు వేసి కాచిన నీళ్లే పోసేవారు. అందుకని ఫలితం ముందే తెలిసిపోయినట్టు ధీమాగా మొదలుపెట్టాను.

సొన పరీక్ష చవక, ఒక పూటలో అయిపోతుంది. 0.2 మి.లీ. సొన, పి.హెచ్. 6.4 ఉన్న ఫాస్ఫేట్ బఫర్ 2.8 మి.లీ., సారం 2 మి.లీ. కలిపి 37 డిగ్రీల దగ్గర పావుగంట, తర్వాత 70 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు ఉంచుతాం. వేడికి సొన తెల్లగా మసకబారుతుంది. ఆ మసకను సారం ఎంత ఆపిందో 660 నానోమీటర్ల దగ్గర చూస్తాం.

మొదటి రోజు నాకు నిరోధ శాతం మైనస్‌లో వచ్చింది! పోల్చడానికి పెట్టిన, వాపు తగ్గించే మందు డైక్లోఫెనాక్ గొట్టం మాత్రం బుద్ధిగానే ఉంది. నా గొట్టాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తే చిక్కటి పసరు. పత్రహరితం కాంతిని బాగా పీల్చేది సరిగ్గా ఆ 660 దగ్గరే. నేను రెండు రోజులు కొలిచింది ఆకు రంగును.

తర్వాత పొడిని ముందు పెట్రోలియం ఈథర్‌తో కడిగాను. దాంతో నూనె స్వభావం ఉన్న పదార్థాలూ కొన్ని పోతాయి, ఆ మాట రిపోర్టులో రాయండి. ప్రతి గాఢతకూ సొన లేకుండా సారం, బఫర్ మాత్రమే ఉన్న గొట్టం ఒకటి పెట్టి ఆ అంకెను తీసేయండి. ద్రావణి మాత్రమే కలిపిన గొట్టమూ ఉండాలి, ఆల్కహాలు తానే సొనను విరిచేస్తుంది.

ఇంత చేసినా తేలేది గొట్టంలోని ప్రొటీన్ సంగతే. ఒంట్లో వాపు తగ్గుతుందని మాత్రం రాయకండి. అలా రాయాలంటే ఎలుక పాదంలో వాపు పుట్టించే క్యారజీనన్ 1 శాతం ద్రావణం 0.1 మి.లీ. ఎక్కించి గంటగంటకూ వాపు కొలవాలి. 1962 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి ఇది. ఒంట్లో పుట్టే రసాయనాల్లో తొలి గంటలో వాపు హిస్టమిన్, సెరటోనిన్‌ల వల్ల, మూడో గంటకు ప్రోస్టాగ్లాండిన్‌ల వల్ల. డైక్లోఫెనాక్ అడ్డుకునేది ఈ ప్రోస్టాగ్లాండిన్‌లనే. కాబట్టి డైక్లోఫెనాక్‌తో పోల్చేటప్పుడు మూడో గంట అంకె చూడండి. మడమ దగ్గర సిరాతో గీత గీసి, ప్రతిసారీ ఒకే మనిషి అక్కడిదాకానే పాదాన్ని వాపు కొలిచే పరికరంలోని ద్రవంలో ముంచాలి. ఒకసారి నాకు బదులు స్నేహితుడు ముంచాడు, ఆ గంట కొలతలన్నీ పారేశాను.

జంతు నైతిక కమిటీ అనుమతి చేతికి రాకుండా ఎలుకను ముట్టుకోకూడదు. మీకున్నది ఒక్క సెమిస్టరే అయితే ఎలుకల జోలికి పోవద్దనే అంటాను. సొన పరీక్షకు తోడు ఎర్ర రక్తకణాల పొర స్థిరత్వ పరీక్ష చేసి, రెండింటినీ మూడేసి సార్లు చూడండి.

ఆకు కోసేటప్పుడు రెమ్మను గమనించండి. వావిలికి ఎక్కువగా అయిదేసి ఆకులు, దాని దగ్గరి చుట్టానికి మూడేసి. వృక్షశాస్త్ర విభాగంలో చూపించి నమూనా భద్రపరచండి. ఆరబెట్టడం నీడలోనే, మన మే నెల మిద్దె మీద వద్దు.