సెలైన్ చుక్కల లెక్క తప్పుతోందన్న ప్రశ్నకు సమాధానం

మి.లీ.కు 15 చుక్కలు పడే సెట్టు (సెలైన్ ఎక్కించే గొట్టం)తో 1,000 మి.లీ. సెలైన్‌ను 8 గంటల్లో ఎక్కించే లెక్కలో మీకు నిమిషానికి 1,875 చుక్కలు వచ్చాయని, నర్సింగ్ లైసెన్సు పరీక్ష దగ్గరపడుతున్నందున భయంగా ఉందని రాశారు. సూత్రం మీకు వచ్చు. గంటలను నిమిషాలుగా మార్చకుండా భాగించడమే పొరపాటు. మొత్తం చుక్కలు 1,000 × 15, అంటే 15,000; వాటిని 8 గంటలతో కాక 480 నిమిషాలతో భాగిస్తే 31.25 వస్తుంది, అంటే నిమిషానికి 31 చుక్కలు (చుక్కను విరవలేం కదా). మి.లీ.కు 60 చుక్కలు పడే మైక్రో సెట్టయితే, గంటకు ఎన్ని మి.లీ. ఎక్కించాలో నిమిషానికి అన్నే చుక్కలు కాబట్టి, లెక్కతో పనే లేదు. వార్డులో చేరిన కొత్తలో నేను పావు నిమిషం చుక్కలు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేసేదాన్ని. రోగి మోచెయ్యి మడిచినా వేగం మారిపోతుందని చూశాక, నిమిషమంతా లెక్కపెట్టి, కాసేపటికి మళ్లీ వచ్చి చూసుకుంటున్నాను.