సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొనడం తెలివైన పనేనా? కొన్నవాడిగా నా జవాబు

మీకు చిన్నప్పటి నుంచి స్పోర్ట్స్ కారు పిచ్చి ఉందట, ఇప్పుడు అమెరికాలో ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, ఇంటి లోను అన్నీ ఉన్నాయట, పాతది ఒకటి చవగ్గా వస్తే కొనడం తెలివైన పనేనా అని అడిగారు. కాదండి. తెలివైన పని అస్సలు కాదు. అయితే మాత్రం ఏంటి? మా కాలనీలో ఒకాయన ఇంట్లో హోమ్ థియేటర్‌కి నా కారు కంటే ఎక్కువ పోశాడు, సంక్రాంతికి ఒక సినిమా దసరాకి ఒక సినిమా చూస్తారు అందులో, ఆయన్ని ఎవరూ తెలివైన పనేనా అని అడగలేదు.

నాది 2003 మోడల్ పోర్షే బాక్స్‌స్టర్ ఎస్. వెండి రంగు, నల్ల గుడ్డ టాపు, ఆరు గేర్ల మాన్యువల్. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. 14,000 డాలర్లు పెట్టి కొన్నాను, అంటే కొత్త క్యామ్రీ ధరలో సగం కూడా కాదు. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే పోర్షే అనగానే మనవాళ్లు నా జీతం లెక్కలు కట్టడం మొదలుపెడతారు.

కోరిక ఎక్కడ పుట్టిందంటే బెజవాడ ఆటోనగర్‌లో. మా నాన్నకి అక్కడ లారీ ఇంజన్ల షెడ్డు ఉండేది. సెలవుల్లో నేను అక్కడే, కిరోసిన్‌లో నట్లు కడుగుతూ. ఏలూరు రోడ్డులో పాత పుస్తకాలు అమ్మేవాళ్ల దగ్గర కొన్న ఇంగ్లీషు కార్ల పత్రికలో ఈ బండి బొమ్మ చూశాను, అప్పటికి కొత్తగా వచ్చింది. 1993లో డెట్రాయిట్ ఆటో షోలో నమూనా చూపించి 1996లో అమ్మకాలు మొదలుపెట్టారు. అప్పట్లో ఆ కంపెనీ ఆర్థికంగా బాగా ఇబ్బందుల్లో ఉంది, నిలబెట్టిన బండ్లలో ఇదొకటి. ఖర్చు తగ్గించుకోడానికి ముందు భాగం చాలా వరకు వాళ్ల ఇంకో స్పోర్ట్స్ కారు 911తో కలిపేశారు, దీని హెడ్‌లైట్ల ఆకారం చూసి వేయించిన గుడ్డు అని ఇప్పటికీ వెక్కిరిస్తారు. నాకు ఆ గుడ్డే ఇష్టం, ఏం చేస్తాం. ఆ కాగితం చింపి షెడ్డులో స్పానర్ల బోర్డు పక్కన అంటించాను. మా నాన్నకి ఆ సంగతి గుర్తు కూడా లేదు, అడిగితే అక్కడ అమ్మవారి క్యాలెండర్ ఉండేది అంటాడు.

సరే మీ ప్రశ్నకి పనికొచ్చే ముక్క ఒకటుంది. మైలేజీ చూసి కొనకండి, బిల్లుల ఫైలు చూసి కొనండి. నేను వెతికేటప్పుడు రెండు బండ్లు చివరిదాకా మిగిలాయి. ఒకటి ఒక డీలర్ దగ్గర, పేరెందుకులెండి, 31,000 మైళ్లే తిరిగింది, అద్దంలా మెరుస్తోంది, కానీ ఆయిల్ ఎప్పుడు మార్చారు అంటే ఒక్క కాగితం లేదు, "వీకెండ్ కారు సార్, గరాజ్‌లోనే ఉండేది" అన్నాడు. గరాజ్‌లో ఏళ్ల తరబడి పెట్టిన కారు కొత్త కారు కాదు బాబూ, దాని రబ్బరు సీళ్లు ఎండిపోతాయి, టైర్లు గట్టిపడిపోతాయి, ఆయిల్ పాడవుతుంది. రెండోది ఒక రిటైరైన స్కూల్ టీచర్‌ది, 92,000 మైళ్లు, బంపర్ మీద రాళ్లు తగిలిన మచ్చలు, సీటు అంచు అరిగింది. కానీ ఆయన వంటింటి బల్ల మీద పెట్టిన ఫైలు మన పెళ్లి ఆల్బమ్ అంత మందం ఉంది. ఎప్పుడు ఏ పంపు మార్చాడో, ఏ టైరు ఏ తారీకున వేశాడో అన్నీ. నేను బండి కంటే ముందు ఆ ఫైలుకి పడిపోయాను. మా ఆవిడ మాత్రం మెరిసేదే బావుంది అంది, ఇప్పటికీ అంటుంది.

ఈ మోడల్ గురించి ఇంటర్నెట్‌లో వెతికితే మొదట భయపెట్టేది ఐఎంఎస్ బేరింగ్. ఇంజన్ లోపల క్రాంక్ నుంచి, వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్‌లకి మధ్యలో ఒక ఇంటర్మీడియట్ షాఫ్ట్ (ఐఎంఎస్) ఉంటుంది, దాని చివర గేర్‌బాక్స్ వైపున్న బాల్ బేరింగ్ అది. అది విరిగితే టైమింగ్ తప్పుతుంది, వాల్వులు పిస్టన్లకి తగులుతాయి, ఇంజన్ పోయినట్టే. నా బండిలాంటి మోడల్స్‌లో ఉండేది ఒంటి వరస బేరింగ్, అంతకుముందు బండ్లలో వచ్చిన రెండు వరసలది ఇంకొంచెం గట్టిది. 2009 మోడల్ నుంచి ఇంజనే మార్చేశారు, అసలు ఈ షాఫ్టే లేదు. అన్ని బండ్లలో పోతుందని కాదు, ఎక్కువ బండ్లకి ఏమీ అవదు, కానీ పోయినప్పుడు బండి ఖరీదంత బిల్లు వస్తుంది కాబట్టి క్లచ్ కోసం గేర్‌బాక్స్ దింపినప్పుడే దీన్నీ మార్చిపడేస్తారు. ఆ టీచర్ గారి ఫైల్లో అన్నీ ఉన్నాయి గానీ ఇది మాత్రం లేదు, క్లచ్ కూడా చివరికొచ్చింది, ఆ పేరు చెప్పి ధర తగ్గించాను.

ఇప్పుడు అసలు కథ. సరిగ్గా అప్పుడే అమ్మానాన్న విజిట్‌కి వచ్చారు. నాన్నకి అమెరికాలో తోచదు, పార్కులో వాకింగ్, టీవీ, మళ్లీ వాకింగ్. కారు తెచ్చి డ్రైవ్‌వేలో పెట్టగానే పంచె ఎగ్గట్టి వచ్చేశాడు. చుట్టూ ఒక రౌండు తిరిగి "బానెట్ ఎత్తరా" అన్నాడు. ఎత్తాను. లోపల ఖాళీ డిక్కీ, ఒక స్పేర్ టైరు, బ్యాటరీ. "ఓహో వెనకింజనా, పాత ఫియట్లలో కొన్నిటికి ఉండేది" అని వెనక్కెళ్లాడు. వెనక డిక్కీ తెరిచాను. అక్కడా ఖాళీ డిక్కీ, పక్కన ఆయిల్ పోసే మూత, కూలెంట్ మూత, అంతే. కాసేపు రెండు డిక్కీల మధ్య తిరిగాడు. అమ్మ గుమ్మంలో నిలబడి "ఇంజను లేని కారు కొన్నాడా వీడు" అంది. సీట్ల వెనకాల, టాపు కిందన దాచారని, మామూలుగా చూడాలంటే కార్పెట్ పీకి పలక విప్పాలని, లేకపోతే కిందనుంచి చూడాలని చెప్తే మా నాన్న మొహం చూడాలి, నలభై ఏళ్లు ఇంజన్లు విప్పిన మనిషికి ఇంజను చూపించకపోవడం అంటే అవమానమే. "మేస్త్రి చెయ్యి పెట్టకుండా కట్టారు, వీళ్ల దుంపతెగ" అన్నాడు.

బేరింగ్ మార్చడానికి షాపుకి తీసుకెళ్లినప్పుడు వస్తానని పట్టుబట్టాడు. పాత జర్మన్ బండ్లు మాత్రమే చూసే చిన్న షాపు, నడిపేది ఒక మెక్సికన్ పెద్దాయన, మా నాన్న వయసే. మామూలుగా కస్టమర్లని లిఫ్ట్ దగ్గరికి రానివ్వరు, ఇన్సూరెన్స్ గొడవ. ఈయన మాత్రం మా నాన్న చేతులు చూశాడు, ఆ గోళ్ల అంచుల్లో ఎప్పటికీ పోని నలుపు చూశాడు, ఏమీ అడగకుండా రమ్మన్నాడు. గేర్‌బాక్స్ అప్పటికే దింపి ఉంది. అప్పుడు చూశాడు మా నాన్న ఇంజన్ని, కిందనుంచి, మూడు సిలిండర్లు ఒక పక్క మూడు ఇంకో పక్క, పడుకోబెట్టి. "పడుకోబెడితే బరువు కిందకి వస్తుంది, మలుపులో బండి లేవదు" అని తనే చెప్పేసుకున్నాడు, నేను ఆ ముక్క తెలుసుకోడానికి ఎన్ని వీడియోలు చూశానో.

పాత బేరింగ్ పీకి పెద్దాయన మా నాన్న చేతిలో పెట్టాడు. నాన్న దాన్ని గుడ్డతో తుడిచి వేలితో తిప్పి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ తిప్పాడు. బొటనవేలితో కొలిచి "6204 సైజురా ఇది, మన నీళ్ల మోటార్లలో వేసేది" అన్నాడు. నిజమే, సైజు అదే. తర్వాత జేబులో ఉన్న పెన్ను తీసి దాని మొనతో సీలు ఎత్తాడు, లోపల గ్రీజు లేదు, పల్చగా నల్లటి ఆయిల్. "సీలు వేసిన బేరింగ్ తీసుకెళ్లి ఇంజనాయిల్లో ముంచారా? ఆయిలు మెల్లగా లోపలికి దూరి గ్రీజుని కడిగేస్తుంది, దూరిన ఆయిలు బయటికి రాదు, అక్కడే మురిగిపోద్ది. ఆ సీలు పీకేసి పెడితే బయట ఆయిలు తాగుతూ చల్లగా తిరిగేది కదా" అని నాతో తెలుగులో అంటున్నాడు, చేత్తో మాత్రం పెద్దాయనకి చూపిస్తున్నాడు, సీలు పీకినట్టు, ఆయిలు చిమ్మినట్టు. ఆయన నవ్వి ఔను ఔనని తల ఊపాడు. నిజంగానే కొంతమంది మెకానిక్‌లు బయటివైపు సీలు తీసేసి బిగిస్తారు. ఒకళ్ల భాష ఒకళ్లకి రాదు, నేను మధ్యలో అనువాదం చేయబోతే ఇద్దరూ నన్ను పట్టించుకోలేదు. చివర్లో నాన్న ఆ బేరింగ్‌ని నాకిచ్చి "దీనికేం రోగం లేదు, ఇంకో పదేళ్లు తిరిగేది, అనవసరంగా మార్చావు" అన్నాడు. క్లచ్, బేరింగ్, వెనక క్రాంక్ సీలు కలిపి 3,000 డాలర్లు దాటింది అప్పటికి. రూపాయల్లో చెప్పమన్నాడు, నేను చెప్పలేదు.

నడపడం ఎలా ఉంటుందని కూడా అడిగారు కదా. 258 గుర్రాల బలం అంటారు కాగితం మీద, కానీ సిగ్నల్ దగ్గర టెస్లాలో కూర్చున్న ఆంటీ గారు ఫోన్ మాట్లాడుకుంటూ దాటేస్తుంది, ఆ పోటీ పెట్టుకోవద్దు. దీని సుఖం వేరే చోట ఉంది. ఆదివారం పొద్దున సెలినా దాటాక పైలట్ పాయింట్ వైపు ఎఫ్ఎం 455 అనే పల్లెరోడ్డు మీద వెళ్తాను, రెండు పక్కలా గుర్రాల ఫారాలు, పొలాలు. టెక్సస్‌లో రోడ్లన్నీ గీత గీసినట్టు ఉంటాయి, పొలం గట్టు వచ్చినచోట మాత్రం ఒక్కసారిగా తొంభై డిగ్రీలు తిరుగుతాయి, ఆ మలుపు ముందు మూడో గేరుకి దింపితే వీపు వెనక ఇంజన్ కూత మారుతుంది చూడండి, అందుకే కొన్నాను దీన్ని. అదీ గంటకి నలభై యాభై మైళ్లలోనే, టికెట్ భయం లేదు. టాపు తియ్యాలంటే హ్యాండ్‌బ్రేక్ లాగి, అద్దం పైన గొళ్లెం చేత్తో తిప్పి, బటన్ నొక్కాలి, 12 సెకన్లు. జూలైలో మధ్యాహ్నం మాత్రం తియ్యకండి, మాడు మాడిపోతుంది, ఇక్కడ టాప్‌లెస్ కారు శీతాకాలం బండి.

ఇక మనవాళ్లు. ఏ పుట్టినరోజు ఫంక్షన్‌కి వెళ్లినా ప్లేట్లో బిర్యానీ పెట్టుకుని వచ్చి అడిగే మొదటి ప్రశ్న రీసేల్ ఎంత. అయ్యా, నువ్వు వేసుకున్న ఆ షేర్వాణీకి రీసేల్ ఎంత? రెండో ప్రశ్న, ఇద్దరే పడతారా. మీరు మినీవ్యాన్‌లో రోజూ ఎంతమంది వెళ్తున్నారు ఆఫీసుకి, ఒక్కరేగా, ఏడు సీట్లు వేసుకుని. మూడోది ఇండియా తీసుకెళ్లొచ్చా అని. కుదరదు. పాత కారు దిగుమతికి బండి తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి, ఆ పైన డ్యూటీ కారు ధరనే మించుతుంది. ఆటోనగర్ వాళ్లు దీన్ని చూడాలంటే వాట్సాప్‌లోనే.

ఇంకో మాట, జర్మన్ బండి జర్మన్ బండి అని నేను ఊదరగొడుతుంటే నా కొలీగ్ ఒకడు ఛాసిస్ నంబర్ చూసి పదకొండో అక్షరం యు ఉంది, అంటే ఫిన్లాండ్‌లో ఉసికౌపుంకి అనే ఊళ్లో వాల్మెట్ ఫ్యాక్టరీలో కట్టింది అన్నాడు. నిజమే, చాలా బాక్స్‌స్టర్లు అక్కడే కట్టారు. చలిదేశం వాళ్లు, శ్రద్ధగానే బిగించి ఉంటారని నా నమ్మకం.

మీరు కొనేదేమైనా సరే, డబ్బు ఇచ్చే ముందు ఆ కంపెనీ బండ్లు తెలిసిన స్వతంత్ర మెకానిక్‌తో చూపించండి, రెండు మూడొందల డాలర్లు అవుతుంది. ఈ బండి అయితే స్టార్ట్ చేసినప్పుడు తెల్లపొగ మేఘంలా వస్తుందా, వెనక డిక్కీలో కూలెంట్ ట్యాంక్ పగిలి తడి ఉందా, ముందు బంపర్ నోట్లో రేడియేటర్ల మీద ఎండుటాకులు పేరుకున్నాయా, ఈ మూడూ చూడమనండి. టైటిల్ (యాజమాన్య పత్రం) మీద బ్యాంక్ లీన్, అంటే తీరని అప్పు, లేదని చూసుకోండి. టెక్సస్‌లో అయితే పన్ను 6.25 శాతం, కానీ డీలర్ దగ్గర కాకుండా సొంతదారు దగ్గర కొని తక్కువ ధర రాస్తే ఒప్పుకోరు, రాష్ట్రం వాళ్ల లెక్క ప్రకారం ఉండే విలువలో 80 శాతం దాటకపోతే ఆ 80 శాతం మీదే వేస్తారు, ఆ డబ్బు పక్కన పెట్టుకోండి. పిల్లలు చిన్నవాళ్లయితే వెనక సీటు లేదు కాబట్టి వాళ్లని ఇందులో ఎక్కించే ఆలోచన ఇప్పుడే మానుకోండి, ఎనిమిదేళ్లలోపు పొట్టి పిల్లలకి ఇక్కడ బూస్టర్ సీటు తప్పనిసరి, ముందు ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. మావాళ్లు ఇద్దరూ పెద్దవాళ్లు, వంతులు వేసుకుని కొట్టుకుంటారు. ఇన్‌స్పెక్షన్‌కి పంపను అని అమ్మేవాడు అన్నాడనుకోండి, ధర ఎంత తగ్గించినా ఆ బండి జోలికి పోకండి.