అక్కతో ఒక మాట: బిడ్డను ఊళ్ళో ఉంచి జర్మనీ పోవాలా?

ప్రశ్న: అక్కా, మాది జడ్చర్ల. మావారు అమెరికా సైన్యంలో సార్జెంట్. కాన్పు ఇక్కడే అయింది, పాపతో నేను అమ్మవాళ్ళింట్లోనే ఉంటున్నా. ఇప్పుడు ఆయనకు జర్మనీలో కైజర్స్‌లౌటర్న్ దగ్గర మూడేళ్ళ పోస్టింగ్ వచ్చింది, మమ్మల్ని రమ్మంటున్నారు. వీసా కాగితాలు ఆయనే చూస్తున్నారు. పాపకు 22 నెలలు. తెలుగు తప్ప ఇంకో మాట రాదు, నా కొంగు వదలదు. నేను నర్సింగ్ చదివాను, అక్కడ ఉద్యోగం చూసుకోవాలని ఆశ. మావారు మధ్యమధ్యలో వారాల తరబడి ట్రైనింగులకు పోతారట. మా అత్తమ్మ మాత్రం "పరాయి దేశంలో ఎవరి చేతిలో పెడ్తవు బిడ్డను? రెండేండ్లు నా దగ్గర ఉంచు, బడి ఈడొచ్చినంక తీస్కపో" అంటోంది. అక్కడ పిల్లల్ని చూసుకునే ఏర్పాట్లు ఏముంటాయి? నలుగురు పిల్లలు కలిసి ఆడుకునే చోట్లు ఉంటాయా? ఖర్చు ఎట్లా?
— ఒక చెల్లె, జడ్చర్ల

జవాబు: చెల్లే, ముందు మీ అత్తమ్మ మాట దగ్గర ఆగుతాను. ఆమె నీ మంచి కోరే అంది. మన పాలమూరు, నల్లగొండ ఇళ్ళల్లో ఇది కొత్త సంగతి కాదు. బొంబాయికి, పుణెకు మట్టి పనికి పోయినవాళ్ళు పిల్లల్ని అవ్వ దగ్గర దించి బస్సెక్కేవాళ్ళు. ఆ పిల్లలు జొన్నరొట్టె తిని, అవ్వ పక్కలో పండుకుని పెద్దవాళ్ళయ్యారు. కానీ ఆ తల్లులు గుడారాల్లో, కంకర కుప్పల నడుమ పసిబిడ్డను పెట్టుకోలేక వదిలారు. నీకు ఆ గతి లేదు. పాపను వెంట తీసుకుపో.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నేను వదిలి వెళ్ళాను. మా ఆయనదీ నీ భర్త కొలువే. 2021లో మాకూ అదే ఊరికి పోస్టింగ్ వచ్చింది. మావోడికి అప్పుడు ఏడాది నాలుగు నెలలు. "ముందు ఇల్లు కుదుర్చుకుంటాం, తర్వాత తీసుకుపోతాం" అని నల్లగొండలో మా అమ్మ దగ్గర ఉంచాను. రెండు నెలలనుకున్నది 11 నెలలైంది. రోజూ రాత్రి వీడియో కాల్ చేసేదాన్ని, వాడు ఫోన్‌కు ముద్దు పెట్టేవాడు. తిరిగి వచ్చి మా ఇంటి గడప తొక్కిన రోజు మా అమ్మ వాణ్ణి ఎత్తుకుని "అమ్మ ఏదిరా?" అని అడిగింది. వాడు నా మొహం చూశాడు, తల తిప్పి టీవీ పక్కన చార్జింగ్‌కు పెట్టిన ఫోన్ వైపు వేలు చూపించాడు. మా అమ్మ ఏ లోటూ చేయలేదు. అయినా వాడు నా పక్కన నిద్రపోవడానికి నెలన్నర పట్టింది.

ఇక పనిలోకి వద్దాం. ఈ రోజే చేయాల్సింది ఒకటుంది. మీ ఆయనకు వచ్చిన ఆర్డర్లలో నీ పేరు, పాప పేరు ఉన్నాయా అని అడుగు. కుటుంబాన్ని సైన్యం ఒప్పుకుని పంపిస్తే దాన్ని కమాండ్ స్పాన్సర్‌షిప్ అంటారు. ఇంటికి, ఆసుపత్రికి, పిల్లల కేంద్రానికి అన్నిటికీ అదే ఆధారం. అది ఉంటే ఆయనను మిలిటరీ చైల్డ్ కేర్ డాట్ కామ్‌లో ఖాతా తెరిచి, పిల్లల కేంద్రంలో చోటు కోసం పాప పేరు ఎక్కించమను. మీరు విమానం ఎక్కేదాకా ఆగాల్సిన పని లేదు. సైనిక స్థావరాల్లో ఉండే ఈ కేంద్రాలను సీడీసీ అంటారు, చైల్డ్ డెవలప్‌మెంట్ సెంటర్. ఆరు వారాల పసికందు నుంచి ఐదేళ్ళ దాకా తీసుకుంటారు. ఖాళీలు తక్కువ, వరుస పెద్దది. తల్లిదండ్రులిద్దరూ కొలువు చేసేవాళ్ళకు ముందు ఇస్తారు, ఉద్యోగం వెతుక్కుంటున్న భార్యకు ఆ తర్వాత, ఇంటిపట్టున ఉండేవాళ్ళకు చివర. నీకు ఉద్యోగం చేయాలని నిజంగానే ఉంది కాబట్టి దరఖాస్తులో ఆ సంగతి తప్పకుండా రాయండి. పేరు ఎక్కించి ఊరుకోవద్దు. "ఇంకా కావాలా?" అని అప్పుడప్పుడు మెయిల్ వస్తుంది, జవాబు ఇవ్వకపోతే వరుసలోంచి పోతారు. నేను ఒకసారి ఆ మెయిల్ చూడక మళ్ళీ మొదటికొచ్చాను.

ఖర్చు సంగతి. సీడీసీ ఫీజు ర్యాంకును బట్టి ఉండదు, ఇంటి మొత్తం ఆదాయాన్ని బట్టి ఉంటుంది. తక్కువ సంపాదించే ఇల్లు తక్కువ కడుతుంది. కాబట్టి పక్కింటివాళ్ళు చెప్పిన లెక్క నీది కాదు. లోపల ఎట్లా చూస్తారని నీకు గుబులుంటుంది. ఏడాది నుంచి రెండేళ్ళ లోపు పిల్లలైతే ఐదుగురికి ఒక మనిషి, రెండు నుంచి మూడేళ్ళ వాళ్ళయితే ఏడుగురికి ఒక మనిషి ఉండాలన్నది నియమం. చేర్చేటప్పుడు, మీరిద్దరూ అందకపోతే బిడ్డను తీసుకుపోగల మనుషుల పేర్లు అడుగుతారు. ఆ ఊళ్ళోనే ఉండేవాళ్ళు కావాలి. కొత్త ఊళ్ళో ఎవరున్నారని దిగులు పడకు, వచ్చిన వారంలోనే మెట్ల పక్క ఇంటావిడ తలుపు తట్టు. నేను అట్లాగే ఒక ఫిలిప్పీన్స్ ఆమెను అడిగాను. నా పేరు ఆమె కాగితంలో, ఆమె పేరు నా కాగితంలో మూడేళ్ళూ ఉంది.

సీడీసీలో చోటు దొరికేలోపు, ఒక్కోసారి అంతకన్నా మేలుగా, ఇంకో దారి ఉంది. స్థావరంలో ఇళ్ళల్లోనే పిల్లల్ని చూసే తల్లులుంటారు, ఫ్యామిలీ చైల్డ్ కేర్ అంటారు. సైన్యమే శిక్షణ ఇచ్చి, వేలిముద్రలు తీసుకుని, ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళందరి గురించి విచారించి అనుమతి ఇస్తుంది. రెండో ఏడు నేనే ఆ అనుమతి తీసుకున్నాను, అందుకే వివరంగా చెప్పగలను. మందుల డబ్బాకు తాళం వేయించారు. వంటింట్లో కత్తులు నా భుజం ఎత్తుకు పోయాయి. చెప్పాపెట్టకుండా తనిఖీకి వచ్చేవాళ్ళు. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలు, నా సొంత బిడ్డతో కలిపి, ఆరుగురికి మించకూడదు. అందులో రెండేళ్ళ లోపువాళ్ళు ఇద్దరే ఉండాలి. కొంగు వదలని పిల్లకు పెద్ద హాలు కన్నా ఇలాంటి ఇల్లే నయమని నా నమ్మకం. అక్కడ ఒకటే మొహం, ఒకటే వంటింటి వాసన. తెల్లవారుజామున, రాత్రి డ్యూటీలప్పుడు కూడా ఒప్పుకునేవాళ్ళుంటారు, నర్సుకు అది పెద్ద ఆసరా. మీ ఆయన ట్రైనింగుకు పోయిన వారాల్లో నీకు దాని విలువ తెలుస్తుంది.

నలుగురు పిల్లల్లో పడేయడానికైతే డబ్బులు పెట్టాల్సిన పని లేదు. ఆర్మీ కమ్యూనిటీ సర్వీస్ ఆఫీసులో కొత్త తల్లిదండ్రుల కోసం ఒక కార్యక్రమం ఉంటుంది. మూడేళ్ళ లోపు పిల్లలకు వాళ్ళే ఆటల గుంపులు నడుపుతారు, అడిగితే నర్సు ఇంటికీ వస్తుంది. అది ఉచితం. స్థావరం లైబ్రరీలో కథలు చెప్పే పూట ఉంటుంది. జర్మన్ల వైపు చర్చి హాళ్ళల్లో, కుటుంబ కేంద్రాల్లో క్రాబెల్‌గ్రుప్పె అని ఉంటాయి, అంటే పాకే పిల్లల గుంపు అని. తల్లి పక్కనే ఉంటుంది, వదిలి వెళ్ళడం ఉండదు.

నేను మావోణ్ణి మొదటిసారి తీసుకుపోయింది అక్కడికే. చెక్క నేల, మధ్యలో ఒక దుప్పటి, తల్లులందరూ చెప్పులు విప్పి కింద కూచున్నారు. పళ్ళెంలో ఆపిల్ ముక్కలు, ఉప్పు పలుకులు గీకేసిన బ్రెజెల్ రొట్టె. మావోడు నా చున్నీ అంచు నోట్లో పెట్టుకుని నా వెనక నుంచి కదల్లేదు. నాకు జర్మన్ రాదు, వాళ్ళు పాడుతుంటే చప్పట్లు కొట్టడమే వచ్చు. అరగంట చూసి, వాడి అరచెయ్యి పట్టుకుని మన ఆట మొదలుపెట్టాను. అరచేతిలో పప్పు పెట్టి, అన్నం పెట్టి, నెయ్యి పోసి, ముద్ద కలిపి, అవ్వకో ముద్ద, తాతకో ముద్ద పంచి, చివరికి రెండు వేళ్ళు చెయ్యి మీద నడిపించుకుంటూ చంకలోకి పోయి కితకితలు పెడతాం చూడు, అదే. వాడు నవ్వాడు. ఎదురుగా ఉన్న ఎర్రజుట్టు పాప లేచి వచ్చి తన అరచెయ్యి చాపింది. ఆమె వెనక ఇంకొకడు. ఆ పూట నేను ఆరు చేతుల్లో అన్నం కలిపాను. పై వారం ఆ పాప నన్ను చూడగానే చెయ్యి చాపుకుంటూ వచ్చింది, మావోడు "నాకు ముందు" అని నా వెనక నుంచి బయటికొచ్చాడు.

ఊళ్ళో ఇల్లు తీసుకుంటే జర్మన్ కిటా, అంటే బడి ఈడుకు ముందు పిల్లల్ని చూసుకునే కేంద్రం, దాని సంగతీ కనుక్కో. జర్మనీలో ఏడాది నిండిన పిల్లలకు చోటు ఇవ్వాలన్న చట్టం 2013 ఆగస్టు నుంచి అమల్లో ఉంది. మీరు పోయే రైన్‌లాండ్ ఫాల్ట్స్ రాష్ట్రంలో రెండేళ్ళు నిండిన పిల్లలకు కిటాలో ఫీజు లేదు, మధ్యాహ్నం భోజనానికి మాత్రం కట్టాలి. అమెరికా సైనికుల పిల్లలు చాలామంది ఆ కిటాలకు పోతారు. ఖాళీ ఉందా, మీ ఇంటికి ఏది పడుతుంది అన్నది ఊరి ఆఫీసులో, కిటా నడిపే ఆమెను కలిసి అడగాలి. వాళ్ళ పద్ధతుల్లో నాకు మనసుకు నచ్చింది పిల్లను అలవాటు చేసే తీరు. చాలాచోట్ల మొదటి మూడు రోజులు తల్లి అక్కడే గదిలో కూచుంటుంది, వదలడమన్న మాటే లేదు. నాలుగో రోజు కొద్దిసేపు బయటికి పోయి వస్తుంది. బిడ్డ ఏడుపు ఆపి ఆ టీచర్ ఒళ్ళో ఊరట పడితే సమయం పెంచుతారు, లేకపోతే ఇంకొన్నాళ్ళు ఆగుతారు. ఇది కొన్ని వారాలు పడుతుంది. కాబట్టి నీ ఉద్యోగం మొదటి రోజు, పాప కిటా మొదటి రోజు ఒకటే కాకుండా చూసుకో. వానైనా మంచైనా పిల్లల్ని బయటికి తోలుతారు, బురద ప్యాంటు, రబ్బరు బూట్లు, లోపల వేసుకునే చెప్పులు కొనాల్సి ఉంటుంది. ఇక్కడి నుంచి మోసుకుపోకు.

మోసుకుపోవాల్సింది టీకాల కార్డు. జర్మనీలో 2020 మార్చి నుంచి కిటాలో చేరే పిల్లలకు తట్టు టీకా వేసినట్టు రుజువు తప్పనిసరి, రెండేళ్ళు దాటితే రెండు డోసులకు. మన ప్రభుత్వ పట్టికలో తట్టుకు, రుబెల్లాకు కలిపి వేసే ఎమ్మార్ టీకా 9 నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఇంకొకటి. అయితే అమెరికావాళ్ళు మొదటి పుట్టినరోజుకు ముందు వేసిన తట్టు డోసును లెక్కలోకి తీసుకోరు. వాళ్ళ టీకాలో గవదబిళ్ళలకు కూడా కలిసి ఉంటుంది, మన ఎమ్మార్‌లో అది లేదు. ఆటలమ్మ టీకా వాళ్ళ పట్టికలో ఉంది, మన సర్కారు పట్టికలో లేదు. ఈ నెలలోనే జడ్చర్లలోనో మహబూబ్‌నగర్‌లోనో పిల్లల డాక్టరుకు కార్డు చూపించి, ఏవి వేయించవచ్చో అడిగి, తేదీలన్నీ ఇంగ్లిష్‌లో రాయించి ముద్ర వేయించుకో. మావోడికి ఆ కార్డులో ఒక తేదీ సరిగా కనబడక చేరిక మూడు వారాలు ఆగింది.

భాష గురించి ఒక్క మాట. పాపకు తెలుగే వచ్చని భయపడి ఇంట్లో ఇంగ్లిష్ మొదలుపెట్టకు. చూసుకునే ఆమెకు పది మాటలు కాగితం మీద రాసివ్వు: నీళ్ళు, బువ్వ, ఉచ్చ, నిద్ర, నొప్పి, అమ్మ వస్తుంది. వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, అర్థం పక్కన పెట్టు. "అమ్మ వస్తుంది" అన్న మాట మన తెలుగులో, ఆ పరాయి నోటి నుంచి వినబడితే పిల్ల ఎంత తేరుకుంటుందో నేను చూశాను. నా దగ్గర పెరిగిన పిల్లలకు నేను స్పానిష్‌లో, కొరియన్‌లో అదే మాట నేర్చుకున్నాను.

మీ అత్తమ్మకు ఇది చదివి వినిపించు. రెండేళ్ళు ఉంచుకోవాలన్న ఆమె ఆశ ప్రేమే. ఆమెకు కింది జవాబు కూడా పనికొస్తుంది.

ప్రశ్న: అమ్మా, నేను దేవరకొండలో రిటైరైన బడిపంతులును. కొడుకు, కోడలు ఇద్దరూ అమెరికా సైన్యంలోనే ఉన్నారు, ఇప్పుడు జర్మనీలో. మనవడికి ఏడాదిన్నర. నేనూ మా ఇంటావిడా పోయి బాబును చూసుకుంటూ ఏడాది ఉండవచ్చునా?
— ఒక తాత, దేవరకొండ

జవాబు: పంతులుగారూ, చూడ్డానికి పోయేవాళ్ళకు జర్మనీ ఇచ్చే షెంజెన్ వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండరాదు. ఏడాది కుదరదు. కానీ ఆ 90 రోజులు ఎప్పుడు పడాలో మీరు ఎంచుకోవచ్చు. ఇద్దరూ సైన్యంలో ఉన్నవాళ్ళు, తామిద్దరూ లేనప్పుడు బిడ్డను ఎవరు చూస్తారో ముందే రాసి ఇవ్వాలి, దాన్ని ఫ్యామిలీ కేర్ ప్లాన్ అంటారు. అందులో మీ పేర్లు ఉన్నాయేమో కోడలిని అడగండి. ఉంటే అవసరం వచ్చిన రోజుకు పాస్‌పోర్టులు చెల్లుబాటులో ఉండాలి. బాబు కొత్త కేంద్రంలో చేరే నెల, లేదా ఇద్దరిలో ఒకరు దూరం పోయే నెల చూసుకుని పొండి. నవంబరు నుంచి పొద్దు తొందరగా గుంకుతుంది, మోకాళ్ళ నొప్పులుంటే ఎండాకాలమే మేలు.

ప్రశ్న: అక్కా, కిటాలో మా బాబుకు గొడ్డు మాంసం, పంది మాంసం పెట్టొద్దని చెప్తే వింటారా?
— ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: వింటారు. చేరేటప్పుడే కాగితం మీద రాసివ్వు. "రిండ్" అంటే గొడ్డు, "ష్వైన్" అంటే పంది, ఆ రెండు మాటలు నువ్వూ నేర్చుకో, మెనూలో అవే ఉంటాయి. పొద్దుటి తిండి చాలా కిటాల్లో ఇంటి నుంచే డబ్బాలో తెచ్చుకుంటారు. నేను రాత్రి పెసరట్టు పోసి, చల్లారాక చుట్టి పెట్టేదాన్ని. మావోడి డబ్బాలోంచి పక్కవాళ్ళు తీసుకుంటున్నారని టీచర్ చెప్పాక రెండు పెట్టడం మొదలుపెట్టాను.