కొండల మధ్య ఊరు.. చలికాలం రాగానే ఆయాసం!

ప్రశ్న: నా వయసు 52. మాది చుట్టూ కొండలున్న చిన్న పట్టణం. ఫ్యాక్టరీలు లేవు, ట్రాఫిక్ కూడా అంతంతమాత్రమే. అయినా చలికాలం మొదలవగానే తెల్లవారుజామున వాకింగ్‌కు వెళ్తే దగ్గు, పిల్లికూతలు, ఛాతీ బిగపట్టినట్టు ఉంటోంది. వానాకాలంలో ఏ ఇబ్బందీ లేదు. ఎందుకిలా?

జవాబు: ముందు ఒక మాట. నడిస్తే ఛాతీ బిగుసుకుపోయి, ఆగితే సర్దుకుంటోందంటే గుండె సంగతి కూడా చూడాలి. మీ వయసులో చలిగాలిలో నడిచినప్పుడు వచ్చే బిగుతును ఆస్తమా ఖాతాలో వేసేయకూడదు. ఈసీజీ, అవసరమైతే మిగతా గుండె పరీక్షలు చేయించాకే వాకింగ్ మళ్లీ మొదలుపెట్టండి.

ఇక గాలి విషయం. ఊళ్లో పొగ ఎంత పుడుతోందన్నది ఒక్కటే చూస్తే సరిపోదు, అది చెదిరిపోవడానికి చోటు ఎంత ఉందో కూడా చూడాలి. చలికాలంలో మబ్బు లేని రాత్రి నేల త్వరగా చల్లారుతుంది. దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడి, బరువెక్కి, కొండవాలు వెంట జారి ఊరున్న పల్లంలో చేరుతుంది. దానిపైన వెచ్చని గాలిపొర మూతలా నిలుస్తుంది. వేసవి మధ్యాహ్నం పొగ కలిసిపోవడానికి కిలోమీటరుకు పైగా ఎత్తు దొరికితే, ఇలాంటి రాత్రి వందా రెండొందల మీటర్లు కూడా దొరకకపోవచ్చు. కట్టెల పొయ్యిలు, తగలబెట్టిన చెత్త, కొద్దిపాటి డీజిల్ బండ్లు చాలు, ఆ ఇరుకు నిండిపోతుంది. వానాకాలంలో చినుకులు కణాలను కడిగేస్తాయి, రాత్రిళ్లు మబ్బు వల్ల నేల అంతగా చల్లారదు. అందుకే అప్పుడు మీకు హాయిగా ఉంటోంది.

మూత పడిందో లేదో కంటితోనే పోల్చుకోవచ్చు. దూరంగా లేచే పొగను చూడండి. నిటారుగా కొంత లేచి, అక్కడి నుంచి గీత గీసినట్టు అడ్డంగా పరుచుకుంటే మూత ఉన్నట్టే. ఫోన్‌లో కనిపించే గాలి నాణ్యత అంకె కొండకు అవతలున్న కేంద్రానిది కావచ్చు, దాన్ని పూర్తిగా నమ్మవద్దు.

సూర్యోదయం వేళకు ఈ మూత బాగా బిగిసి ఉంటుంది. మీరు వాకింగ్‌కు వెళ్తున్నది సరిగ్గా అప్పుడే. పైగా కూర్చున్నప్పుడు నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల గాలి పీలిస్తే, వేగంగా నడిచేటప్పుడు దానికి కొన్ని రెట్లు పీలుస్తాం. ఎండెక్కి రెండు మూడు గంటలు గడిచాక, లేదా సాయంత్రం పొద్దు గూకేలోపు నడవండి. కిటికీలు మధ్యాహ్నం తెరిచి, చీకటి పడకముందే మూసేయండి. బయటికి తప్పనిసరైతే ముక్కు పక్కన సందు లేకుండా బిగిసే ఎన్95 మాస్కు పెట్టుకోండి. రుమాలు 2.5 మైక్రాన్ల కణాలను దాదాపు ఆపదు.

ఇబ్బంది ఉన్న రోజుల్లోనే స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు కొలిచే పరీక్ష) చేయించండి, బాగున్నప్పుడు చేస్తే నార్మల్‌గా రావచ్చు. శ్వాసనాళాలను తెరిచే సాల్బుటమాల్ మందు పీల్చిన 15 నిమిషాలకు మళ్లీ ఊదిస్తారు. మొదటి సెకనులో ఊదే గాలి 12 శాతానికి, అలాగే 200 మి.లీ.కి పైగా పెరిగితే ఆస్తమా వైపు మొగ్గుతాం. అది తేలితే స్టెరాయిడ్ ఉన్న నివారణ ఇన్‌హేలర్ రాస్తారు. చాలామంది పొరపాటు ఇక్కడే చేస్తారు, ఆయాసం ముదిరాక మొదలుపెడతారు. దాని గుణం కనిపించడానికి వారాలు పడుతుంది కాబట్టి, ఆస్తమా అని తేలాక వచ్చే ఏడాది నుంచి చలి రాకముందే డాక్టర్‌ను కలవండి. స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) నెమ్మదిగా పీల్చి, 10 సెకన్లు బిగబట్టి, తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది.

దగ్గు రెండు వారాలు దాటితే, ముఖ్యంగా జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ కాదని తేల్చుకోవడానికి కళ్లె పరీక్ష, ఎక్స్‌రే చేయించాలి. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.