విభూతి, విబూది, విభూషణం

సందేహం: భగవద్గీతలో ‘విభూతి యోగం’ అన్న పేరు చూసి మా అబ్బాయి “ఇది బూడిద గురించా నాన్నా?” అని అడిగాడు. చెప్పలేకపోయాను. నుదుట పెట్టుకునే విభూతీ ఇదీ ఒకే మాటా? విభూషణానికీ దీనికీ చుట్టరికం ఉందా? మా అమ్మ ‘విబూది’ అంటుంది, అది తప్పా?

సమాధానం: అబ్బాయి అడిగింది చాలా మంచి ప్రశ్న. మాట ఒకటే, అర్థాలు రెండు. అమరకోశం అనే సంస్కృత నిఘంటువు ఒకచోట ‘విభూతిర్భూతిరైశ్వర్యమ్’ అంటుంది, ఇంకోచోట ‘భూతిర్భస్మని సంపది’ అంటుంది. అంటే విభూతీ భూతీ ఒకటే; బూడిదా భూతే, సంపదా భూతే. గీత 10వ అధ్యాయంలో ఉన్నది ఐశ్వర్యం, మహిమ అనే అర్థం.

విభూషణంతో చుట్టరికం మాత్రం వినడానికే. వ్యాకరణం ప్రకారం ధాతువులు, అంటే మాటలు పుట్టిన మూలాలు, వేరు. విభూషణం ‘భూష’ ధాతువు నుంచి వచ్చింది, దానికి అర్థం అలంకరించడం. పద్మవిభూషణ్‌లో ఉన్నది ఇదే. విభూతి ‘భూ’ ధాతువు నుంచి పుట్టింది. పాణినీయ ధాతుపాఠంలో, అంటే సంస్కృత ధాతువుల పట్టికలో, మొట్టమొదటి ధాతువు అది: ‘భూ సత్తాయామ్’. సత్త అంటే ఉనికి, ఉండటం. నాకు ఈ తేడా ఎంతో ఇష్టం. విభూషణం మనిషి మీద పెట్టేది. విభూతి మనిషి ఉండటంలోనే ఉన్నది. ఐశ్వర్యాన్ని చెప్పే ఈ మాటను మనవాళ్లు ‘నా దగ్గర ఎంత ఉంది’ అన్నదాంట్లోంచి కాక, ‘నేను ఉన్నాను’ అన్నదాంట్లోంచి తీశారు.

గీతలో చూడండి. నీ విభూతులు చెప్పమని అర్జునుడు అడిగితే, కృష్ణుడు మేరువుతోనో సముద్రంతోనో మొదలుపెట్టలేదు. అవి తరవాత వస్తాయి. ముందు 20వ శ్లోకంలో, అన్ని ప్రాణుల హృదయాల్లో ఉన్న ఆత్మను నేనే అన్నాడు. అబ్బాయికి ఆ శ్లోకం చూపించండి.

మరి బూడిదకు ఆ పేరెందుకు? మా గురువుగారు పొద్దున్నే విబూదిపండు (గట్టిపడ్డ విబూది ముద్ద) గీకి ఎడమ అరచేతిలో పోసుకుని, రెండు చుక్కల నీళ్లు వేసి మెదిపి, మూడు వేళ్లతో నుదుట రాసుకునేవారు. రాసిన వెంటనే ఏమీ కనిపించేది కాదు. ఆరేకొద్దీ తెల్లగా తేలేది. ఆయనకు ఉంగరం లేదు, శాలువాలు ఎవరు కప్పినా శిష్యులకు ఇచ్చేసేవారు. పిడక కాలిపోయాక మిగిలిన బూడిదను ఇంక కాల్చలేం. పోవలసింది పోగా మిగిలినదాన్నే సంపద అన్నారని నేను అర్థం చేసుకున్నాను. ఇది నా ఊహే, నిఘంటువు మాట కాదు.

ఇక మీ అమ్మగారి ‘విబూది’ తప్పు కానే కాదు, అది చక్కటి తద్భవం. గీత గురించి రాసేటప్పుడు ‘విభూతి’ అనండి. నుదుటి మీదిదాన్ని ఇంట్లో ఎలా అంటున్నారో అలాగే అనండి. ‘విభూది’ అని సగం అటూ సగం ఇటూ రాయడం మాత్రం నాకు నచ్చదు.