బాలసదనం నుంచి వచ్చిన అమ్మాయికి నెలవారీ సాయం అందడం లేదా?

బాలసదనం విడిచి, ఇప్పుడు హాస్టల్లో ఒంటరిగా ఉంటున్న 19 ఏళ్ల అమ్మాయికి నెలవారీ సాయం అడిగితే, జాబితాలో పేరు లేదన్నారని మీరు రాశారు. అంటే, బహుశా ఆమె సదనం విడిచినప్పుడు బాలల సంక్షేమ కమిటీ అనంతర సంరక్షణ (18 నిండి సదనం విడిచినవారికి ఇచ్చే సాయం) ఉత్తర్వు ఇచ్చి ఉండదు. 18 నిండగానే ఈ సాయం దానంతట అదే మొదలు కాదు.

1. సదనం సూపరింటెండెంట్ దగ్గర విడుదల ఉత్తర్వు నకలు తీసుకోండి. అందులో ‘బంధువులకు అప్పగించాం’ అని ఉందేమో చూడండి. చాలామంది చూడకుండా వదిలేసేది ఇదే. ఆ మాట ఉంటే, ఆమె ఇంటికి చేరిందనే లెక్క. మీరు రాసినట్టు ఆమె హాస్టల్లో ఒంటరిగా ఉంటుంటే, ఆ సంగతి హాస్టల్ ధ్రువపత్రంతో సహా కమిటీకి రాతపూర్వకంగా తెలపాలి. నోటిమాట ఫైలులోకి ఎక్కదు.
2. ఈ సాయం కోరుతూ కమిటీకి ఇచ్చే దరఖాస్తుపై సంతకం ఆమెదే ఉండాలి, మీది కాదు. ఆమె ఇప్పుడు మేజర్. వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక (సదనంలో ఉన్నప్పుడు ఆమె కోసం రాసినది) నకలు, కాలేజీ ధ్రువపత్రం జతచేయండి.
3. ఒక ప్రతి జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఇచ్చి రసీదు అడగండి.
4. బ్యాంకు ఖాతా ఇంకా మైనర్‌దిగానే ఉంటే మార్పించండి.

కేంద్రప్రభుత్వ బాలల సంరక్షణ పథకమైన మిషన్ వాత్సల్య మార్గదర్శకాల ప్రకారం ఈ సాయం నెలకు 4,000 రూపాయలు, 21 ఏళ్ల వరకు. ప్రత్యేక సందర్భాల్లో 23 వరకు పొడిగించవచ్చు. కాదంటే, కారణం రాసివ్వమనండి.